ఎడమ చెవి

అచ్చు పడని తెల్లకాగితం తెచ్చి, సన్నగా చింపి, మంచినీళ్ళలో నానబెట్టి, చేత్తో పిసికి పిసికి గుజ్జు చేయాలి. యంత్రం పంపిస్తామని పై ఆఫీసువాళ్ళు అంటూనే ఉన్నారు గానీ, అది వచ్చేలోపు సముద్రమే గుడిలోకి వచ్చేట్టుంది. ఆ గుజ్జును అరంగుళం మందాన రాతిబొమ్మల మీద మెత్తుతారు. సముద్రపు గాలికి రాతిలోకి దిగిన ఉప్పునంతా అది ఆరుతూ ఆరుతూ తనలోకి లాక్కుంటుంది. వారానికి దానంతటదే పెచ్చు కట్టి చేతిలోకి ఊడివస్తుంది. అప్పుడు ఓ చిన్న ముక్క తుంచి నాలుక మీద పెట్టుకోవాలి. ఉప్పగా ఉంటే ఇంకో పూత, చప్పగా ఉంటే ఆ బొమ్మకి ఆ ఏటికి సెలవు. ఈ పరీక్ష ఆఫీసుగదిలో రసాయనాల సీసాలతోనే చేయాలని రూలుంది. కానీ గుజ్జమ్మ నాలుక చెప్పిన మాటే సీసాలూ చెబుతుండటంతో, ఆఫీసు సారు కూడా ముందు ఆవిడనే అడిగేవాడు.

గుజ్జమ్మ అన్నది పెట్టుడు పేరు. పదకొండేళ్ళుగా ఆ గోడ దగ్గర మోచేతుల దాకా గుజ్జుతో కనిపిస్తుంటే ఇంకేమని పిలుస్తారు? అంతకుముందు అదే ముక్కాలిపీట మీద కూర్చుని అదే పని చేసింది ఆమె అత్తగారు. మోకాళ్ళు మొరాయించాక పీట, బకెట్టు, గడ్డిటోపీ కోడలి చేతికిచ్చి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఒక్కసారి కూడా గుడివైపు తొంగిచూడలేదు.

ఆ సోమవారం పొద్దున మంచు ఇంకా విడలేదు. సముద్రం కనిపించడం లేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. చూడటానికి వచ్చినవాళ్ళు మంచులోంచి ఒక్కొక్కరే తేలి వస్తున్నారు. ముందు టోపీ, తర్వాత భుజాలు, ఆ తర్వాత మనిషి. అంత పొద్దున్నే వచ్చినవాళ్ళు గట్టిగా మాట్లాడరు. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా నడుస్తారు. గుజ్జమ్మకి ఆ వేళంటే ప్రాణం. గోడ మీద నిలువెత్తు ఆడబొమ్మలు ఏడుగురు. ఒకామె తల దువ్వుకుంటోంది, ఒకామె పాదంలో ముల్లు తీసుకుంటోంది, ఒకామె ఊరికే నిలబడి కుడివైపు చూస్తోంది. ఆ ఊరికే నిలబడ్డామె దగ్గరే అందరూ ఆగుతారు.

"ఇటు రండి, ఇటు రండి! ఇదే అసలు వింత!" అన్నాడు గైడు. తెల్లచొక్కా, నల్లగొడుగు, ముప్పై ఏళ్ళ సర్వీసు. "ఉప్పుగాలికి ఈ గోడ మీద ముక్కులు పోయాయి, వేళ్ళు పోయాయి, చెవులన్నీ నున్నగా అరిగిపోయాయి. కానీ ఈమె ఎడమ చెవి చూడండి! మడతలు మడతలే, గుంట గుంటే. తమ్మె చూశారా, కిందికి చీలి ఉంది? ఆ కాలం రాజకుటుంబం ఆడవాళ్ళు బరువైన నగలు పెట్టుకునేవాళ్ళు. ఆ బరువుకి తెగిన తమ్మె ఇది. ఎంత పరిశీలన! ఈ ఒక్క చెవి చెక్కడానికి శిల్పికి ఏడేళ్ళు పట్టిందట."

"ఏడేళ్ళా!" అని నిట్టూర్చింది ఓ పెద్దావిడ.

"ఏడు అంటే మరీ తక్కువేమో, పోయిన వారం తొమ్మిదన్నావు కదన్నా?" అంది గుజ్జమ్మ, పిసుకుతున్న గుజ్జు మీంచి తల ఎత్తకుండా.

అందరూ నవ్వారు. గైడు కూడా నవ్వాడు. "ఈవిడ మా గుజ్జమ్మ. చెవుల డాక్టరు," అన్నాడు. ఫొటోలు తీసుకున్నారు. వాళ్ళు మంచులోకి వెళ్ళిపోయాక గుజ్జమ్మ ఆ చెవి మీదా, చుట్టూ రెండు వేళ్ళతో గుజ్జు అద్దింది. మిగతా చోట్ల అరచేత్తో మెత్తేది, అక్కడ మాత్రం వేలికొసలే. చంటిపిల్ల చెవిలో నీళ్ళు తుడుస్తున్నంత పని.

గురువారం పొద్దునే సారు పరుగుపరుగున వచ్చాడు. వచ్చి ఏడాది కూడా కాని కుర్రసారు. చొక్కా జేబులో మూడు పెన్నులు, మొహంలో మూడు కంగార్లు.

"ఇదంతా తీసెయ్యాలమ్మా. ఎల్లుండి పై నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. గోడ కనబడాలి."

"మూడు రోజులే అయింది సార్. లోపలంతా పచ్చిగా ఉంది. ఈ మంచుకి అసలు ఆరలేదు."

"మెల్లగా తియ్యి."

"మెల్లగా తీసినా పచ్చి గుజ్జు రాయిని వదలదు సార్. పట్టుకుని ఉంటుంది. పెచ్చులు లేస్తాయి. ఆదివారం దాకా ఆగితే దానంతటదే..."

"ఆదివారం వాళ్ళుంటారా? మెత్తిన బురద చూపించనా? నేను చెబుతున్నాను కదా, తియ్యి."

చెప్పేవాడు చెబితే తీసేవాళ్ళు తియ్యాలి. ఆమె తడిబట్ట తెచ్చింది, వెదురుపుల్ల తెచ్చింది. తల దువ్వుకునే ఆమె నుంచి మొదలుపెట్టింది. భుజం వచ్చింది, జడ వచ్చింది, ఏమీ కాలేదు. ముల్లు తీసుకునే ఆమె కూడా బయటపడింది. సారు కాస్త ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగి ఫోనులో ఎవరికో "అయిపోతోంది సార్, అయిపోతోంది" అంటున్నాడు. అంతలో ఊరికే నిలబడ్డామె చెంప దగ్గర పెచ్చు కదిలింది. గుజ్జమ్మ చెయ్యి కింద పెట్టి ఆపింది. బరువుగా అనిపించింది. కాగితం అంత బరువుండదు.

పెచ్చు తిప్పి చూస్తే చెవి అందులో పడుకుని ఉంది.

గోడ మీద ఆ చోట అరచెయ్యంత మచ్చ. చెవి వెనకవైపు, విరిగినచోట, తెల్లగా మెరుస్తోంది. "అమ్మో, ఉప్పు ఇంత లోపలికి దిగిందా!" అని అనుకుంది గుజ్జమ్మ. పదకొండేళ్ళుగా తెల్లగా కనిపించిన ప్రతిదీ ఆమెకి ఉప్పే. సారు వచ్చి చూసి ఆయన కూడా అదే అనుకున్నాడు. ఆయన పెదవులు కూడా తెల్లగానే ఉన్నాయి.

"ఏం చేశావమ్మా?"

"నేనేం చేశాను సార్? వద్దన్నాను కదా."

"తీసిందెవరు?"

తీసింది తనే. సారు అటూ ఇటూ చూసి, పెచ్చుతో సహా చెవిని ఓ అట్టపెట్టెలో పెట్టించి, గోడకి నీలం ప్లాస్టిక్ పట్టా కట్టించాడు. గంట తర్వాత ఓ కాగితం తెచ్చాడు. 'పనిమనిషి అజాగ్రత్త వల్ల' అని మొదలైంది అది. ఎవరు తీయమన్నారో, ఎన్నో రోజున తీయమన్నారో అందులో ఎక్కడా లేదు.

"రేపు సాయంత్రంలోగా సంతకం పెట్టాలి. పెద్దవాళ్ళు రాకముందే ఫైల్లో ఉండాలి. నన్నేమీ అనకు. నాకూ పైన ఉన్నారు."

"సంతకం పెడితే?"

"పనిలోంచి తీసేస్తారు. ఇంకేమీ చెయ్యరు, నేను మాట్లాడతాను."

ఇంకేమీ చెయ్యరట! పనిలోంచి తీసేశాక చెయ్యడానికి ఏం మిగిలిందని? రాతిని ముట్టుకునే అనుమతి ఆ గోడ దగ్గర ఒక్క ఆమెకే ఉంది. రేపు సాయంత్రం తర్వాత తాడుకి అవతల నిలబడి, మిగతావాళ్ళలా దూరం నుంచి చూడాల్సిందే. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు అరుగు మీద కూర్చుని బటన్లు కుడుతోంది. కొడుకు పర్యాటకుల పడవ నడుపుతాడు. వాడి చొక్కాలకి బటన్లు నిలవవు. కోడలి మొహం చూడగానే సూది ఆగింది.

"ఏమైందే? మొహం అలా వేలాడేసుకుని వచ్చావు?"

గుజ్జమ్మ గుమ్మంలోనే కూలబడి అంతా చెప్పింది. చెబుతుంటే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కాగితం తీసి చదివింది. 'అజాగ్రత్త' అన్న దగ్గర చదవడం ఆపేసింది. "పదకొండేళ్ళు అత్తయ్యా! ఒక్క ఇసుకరేణువు రాల్చలేదు. వెయ్యేళ్ళు నిలబడ్డది నా చేతిలో పోవాలా? నా చేతులు విరిగిపోను! ఆ శిల్పికి నేనేం సమాధానం చెప్పాలి?"

అత్తగారి నుంచి 'అయ్యయ్యో' వస్తుందనుకుంది. ప్రశ్న వచ్చింది.

"ఎవరి చెవి అన్నావు?" అంది అత్తగారు.

"ఊరికే నిలబడి ఉంటుంది కదా, ఆమెది."

"ఎడమదా?"

"కుడిది గోడలోనే ఉంది కదత్తయ్యా. మీకు తెలీదా?"

అత్తగారు మళ్ళీ సూది అందుకుంది. దారం ఎక్కించబోయి ఎక్కించలేకపోయింది. పడుకోబోయే ముందు, "రేపు నన్ను గుడికి తీసుకెళ్ళవే. చూసి చాలా ఏళ్ళయింది," అంది.

"రేపా? నా మెడ మీద కత్తి వేలాడుతుంటే మీకు గుడి చూడాలనిపించిందా?"

"అవును, అనిపించింది," అంది అత్తగారు, గోడవైపు తిరుగుతూ.

మర్నాడు పొద్దున అత్తగారు ఉతికిన చీర కట్టుకుంది. పనివాళ్ళ గేటు దగ్గరికి కోడలు తీసుకెళుతుంటే రానంది. కిటికీ దగ్గర వరసలో నిలబడి టికెట్టు కొనుక్కుంది. ముప్పై ఏళ్ళు వెనకదారిన వచ్చిపోయిన మనిషి ముందుదారిన, చేతిలో టికెట్టు పట్టుకుని, చూడటానికి వచ్చినవాళ్ళ మధ్య మెల్లగా నడిచింది. మంచు నిన్నటికంటే ఎక్కువగా ఉంది. స్తంభాలు ఒక్కొక్కటే ఎదురొచ్చి పక్కకి తప్పుకుంటున్నాయి. ఆమె ఒక్కోచోట ఆగి, తల పైకెత్తి, "ఇంత ఎత్తా ఇది!" అంటోంది. పీట మీద కూర్చుని పనిచేసినన్నాళ్ళూ పైకి చూసే తీరికే లేకపోయింది కాబోలు. సింహం బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడింది. "దీని మూతి నవ్వుతోందే, ఎప్పుడూ చూడలేదు," అంది. గుజ్జమ్మకి ఒళ్ళు మండింది, జాలీ వేసింది. ఏం చేయాలో తోచక వెనకే నడిచింది.

గైడు నీలం పట్టా ముందు నిలబడి ఉన్నాడు. పట్టా కట్టినా పాఠం ఆగలేదు. చెవి ఫొటో ఉన్న కార్డు పైకెత్తి పట్టుకుని, "మరమ్మతులో ఉంది, కానీ చూడండి, ఈ తమ్మె చూడండి," అంటున్నాడు. రాజకుటుంబం వచ్చింది, బరువైన నగలు వచ్చాయి, ఏడేళ్ళు వచ్చాయి. అత్తగారు ముందు వరసలోకి జరిగి నిలబడి విన్నది. ఆ గుంపు వెళ్ళాక ఇంకో గుంపు వచ్చింది. మళ్ళీ విన్నది. మూడోసారి గైడుకే అనుమానం వచ్చింది.

"పెద్దమ్మా, ఇందాక కూడా మీరే కదూ?"

"నేనే నాయనా. బాగా చెబుతున్నావు. ఇంకోసారి చెప్పు."

మూడోసారి ఏడేళ్ళ దగ్గరికి రాగానే ఆమెకి నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని, కూలిన మండపం వెనక రాళ్ళ మీదికి లాక్కెళ్ళింది. కూర్చున్నాక చూస్తే నవ్వు కాదు, కళ్ళ వెంట నీళ్ళు.

"ఏడేళ్ళంటాడేంటే వాడు! ఒక్క మధ్యాహ్నం పట్టింది."

"ఏం పట్టింది?"

"ఆ చెవి. నేను చేశాను."

గుజ్జమ్మ అత్తగారి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జ్వరం లేదులే, చెయ్యి తియ్యి. అప్పట్లో గుజ్జు లేదు, బ్రష్షుతో కడిగేవాళ్ళం. నేను పనిలో చేరిన రెండో నెల. కడుగుతుంటే అసలు చెవి మూడు ముక్కలై నా బకెట్లో పడింది. అరిగిపోయి రేకులా ఉందే, బ్రష్షు ఆనితే చాలు పోయేట్టు. మేస్త్రీ చూస్తే ఆ పూటే గెంటేస్తాడు. చంకలో వీడు, చంటివాడు. అందరూ అన్నాలకి వెళ్ళారు. మరమ్మతు కోసం తడిపిన సున్నం తొట్లో ఉంది. రాతిపొడి కలిపాను. చెవి అంటే ఎలా ఉండాలో తెలీదు, ఏ బొమ్మకీ సరైన చెవి లేకపోయె. ఎడమ చెయ్యి నా చెవి మీద పెట్టుకున్నాను. ఎక్కడ మడత తగిలితే అక్కడ కుడిచేత్తో మడత పెట్టాను. జడపిన్నుతో గుంట తీశాను. పైన మసి, నూనె రుద్దాను. మేస్త్రీ వచ్చాడు, చూశాడు, ముక్కాలిపీట అడ్డంగా ఉందని తిట్టి వెళ్ళాడు."

"మరి తమ్మె..."

అత్తగారు తల పక్కకి తిప్పి, నెరిసిన జుట్టు వెనక్కి తోసి చూపించింది. పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ, తలకి నూనె రాస్తూ కూడా గుజ్జమ్మ ఎప్పుడూ అలా చూడలేదు. తమ్మె కిందికి చీలి ఉంది.

"రాజకుటుంబమట! చంటివాడు పోగు పట్టుకుని లాగాడే. నీ మొగుడే."

గుజ్జమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదకొండేళ్ళుగా వేలికొసలతో అద్దింది అత్తగారి చెవికా! మరుక్షణమే ఇంకో భయం పట్టుకుంది. "అత్తయ్యా, ఇది సారుకి చెబితే మీ పెన్షను ఆపేస్తారేమో. గుడి పాడు చేశావని కేసు పెడితే? వద్దు. నేను సంతకం పెట్టేస్తాను. నాకు ఇంకోచోట పని దొరుకుతుంది."

"నోర్ముయ్," అంది అత్తగారు ప్రేమగా. "పని మానేశాక ఇన్నేళ్ళూ భయపడి ఆ గోడవైపు రాలేదు. ఎవరైనా చెవి వంక చూసి నా వంక చూస్తారేమోనని. ఇవాళ మూడుసార్లు విన్నాక ఆ భయమెటు పోయిందో. పద."

ఆఫీసుగదిలో ఫ్యాను తిరుగుతోంది. కిటికీలోంచి వచ్చిన మంచువెలుగులో సారు మొహం నిద్రలేక వాచి ఉంది. బల్ల మీద అట్టపెట్టె. అత్తగారు చెప్పినదంతా ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

"పెద్దమ్మా, కోడలి మీద ప్రేమ ఉండొచ్చు. కానీ ఇలా కథలు చెబితే ఎవరు నమ్ముతారు?"

గుజ్జమ్మ ఇంక ఆగలేదు. పెట్టె మూత తీసింది. చెవి వెనక తెల్లటి చోట వేలు రాసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది. నిన్ననే చెయ్యాల్సిన పని. భయంలో మర్చిపోయింది.

"చప్పగా ఉంది సార్," అంది. "ఉప్పు కాదు ఇది."

సారు ఆమె నాలుకని ఎప్పుడూ అనుమానించలేదు. అయినా లేచి అలమరాలోంచి యాసిడ్ సీసా తీశాడు. గాజుపుల్లతో ఒక్క చుక్క తెల్లటి చోట వేశాడు. చిన్నగా చుయ్ మని నురగ పొంగింది. కాగితాల మీద పెట్టే బరువు ఆ గోడ రాయి ముక్కే. దాని మీద ఇంకో చుక్క వేశాడు. చుక్క చుక్కలాగే కూర్చుంది. ఆయన మళ్ళీ చెవి మీద వేశాడు, మళ్ళీ పొంగింది.

"సున్నం," అన్నాడు మెల్లగా. "సున్నమే!"

కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. పాపం, ఎంత భయపడ్డాడో అప్పుడు తెలిసింది. కళ్ళు మూసుకుని, "పాతరాయికి ఏమీ కాలేదు, ఏమీ కాలేదు," అని రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత గుజ్జమ్మ వైపు చెయ్యి చాపాడు. "ఆ కాగితం ఇటివ్వమ్మా." ఇచ్చింది. నిలువుగా చింపి, అడ్డంగా చింపాడు. ఆమె వైపు చూడకుండానే, "ఆదివారం దాకా ఆగమన్నావు. వినాల్సింది," అన్నాడు. అంతకంటే ఆయన్నుంచి రాదని గుజ్జమ్మకి తెలుసు. ఆమె పెట్టెలోని చెవి వైపు చూసింది.

"దీన్ని మళ్ళీ అతికిస్తారా సార్?" అని అడిగింది.

"అతికించకూడదు. ఇది దొంగచెవి అయిపోతుంది. సామాన్లగదిలో పెట్టాలి." ఆయన సొరుగులోంచి ఓ చిన్న చీటీ తీసి, పెన్ను తీసి గబగబా రాశాడు. రాసి చెవికి దారంతో కట్టబోయాడు.

"ఏం రాశావు బాబూ?" అంది అత్తగారు. "చదువు."

"పాత మరమ్మతు. సున్నం, రాతిపొడి. ఎడమ చెవి. చేసినవారు తెలియదు."

"తెలియదా?"

"ఊరికే అలా రాస్తాం పెద్దమ్మా. అన్నింటికీ అలాగే ఉంటుంది."

"ఎదురుగా కూర్చున్నాను కదయ్యా! తెలియదంటావేంటి?"

సారు పెన్ను కింద పెట్టి, పెద్దవాళ్ళకి నచ్చజెప్పే గొంతుతో అన్నాడు. "మీ మంచికే అంటున్నాను. పేరు రాస్తే రికార్డులోకి ఎక్కుతుంది. చెప్పకుండా చేశారని రేపు ఎవరైనా అడగొచ్చు. తెలియదంటే ఎవరికీ గొడవ లేదు. మీరు హాయిగా ఇంటికి వెళ్ళండి."

"అత్తయ్యా, సారు చెప్పింది వినండి," అంది గుజ్జమ్మ. ఆమెకి ఒక్కసారిగా ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది. గోడ దక్కింది, పని దక్కింది, ఇంకేం కావాలి?

అత్తగారు లేవలేదు. పెట్టెలోంచి చెవిని తీసి అరచేతిలో పెట్టుకుంది. బొటనవేలితో పైమడత తడిమింది, గుంట తడిమింది, చీలిన తమ్మె తడిమింది. ఎంతసేపు తడిమిందో, బయట గైడు గొంతు ఇంకో గుంపుని పిలుస్తూ దగ్గరికొచ్చి దూరమైంది.

"ఇన్నేళ్ళలో ఇంతమంది వచ్చి దీన్ని చూసిపోయారు," అంది. "అడిగితే అడగనీ. నేను చెప్పుకుంటాను. రాయి."

సారు ఆమె మొహం వైపు చూశాడు, గుజ్జమ్మ వైపు చూశాడు. చీటీ చింపి ఇంకోటి తీసుకున్నాడు. "చెప్పండి," అన్నాడు.

ఆమె కొంగు సర్దుకుని, ఇంటిపేరుతో మొదలుపెట్టి, తొందర లేకుండా మొత్తం పేరు చెప్పింది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన ఈ పన్నెండేళ్ళలో ఆ పేరు ఆమె నోటి నుంచి గుజ్జమ్మ ఎప్పుడూ వినలేదు. సారు రాశాడు.

"ఇప్పుడు చదువు."

చదివాడు.

"ఇంకోసారి చదువు బాబూ," అంది అత్తగారు. "కాస్త గట్టిగా."